ముందు తెర మీద... తర్వాతే నేల మీద!

గోడలకు ప్లాస్టరింగ్‌ అయిపోతుంది. అప్పుడొచ్చి చెబుతాడు ప్లంబరు, పైపు వెళ్లాల్సిన చోట బీము అడ్డొచ్చిందని. ఇంకేముంది... సుత్తి, ఉలి, మళ్లీ సిమెంటు. ఇల్లు కట్టించిన వాళ్లందరికీ తెలిసిన తంతే ఇది. పోయేది యజమాని డబ్బొక్కటే కాదు. టన్ను సిమెంటు తయారైతే అర టన్నుకు పైగా కార్బన్‌ డయాక్సైడ్‌ గాల్లో కలుస్తుంది. పగలగొట్టి కట్టే ప్రతి గోడా ఆ పద్దులోకే చేరుతుంది.

ఈ వృథాకు ముందే కళ్లెం వేసేది ‘బిమ్‌’. అంటే, బిల్డింగ్‌ ఇన్ఫర్మేషన్‌ మోడలింగ్‌. కట్టబోయే భవనాన్ని మొదట కంప్యూటర్లో కట్టి చూడటమన్నమాట. మామూలు ప్లానులో గోడంటే రెండు గీతలే. ఇందులో మాత్రం దాని మందం, వాడే ఇటుక, లోపలికి రానిచ్చే వేడి... అన్నీ నమోదై ఉంటాయి. కిటికీని కాస్త పక్కకు జరిపితే గదిలో ఎండెంత పడుతుందో, ఏసీ ఖర్చు ఎంత మారుతుందో లెక్క తేల్చుకోవచ్చు. పైపూ బీమూ ఒకే చోటికి వస్తే తెర మీదే బయటపడుతుంది. అక్కడ దిద్దడానికి సుత్తి అక్కర్లేదు.

ఆలోచన పాతదే. అమెరికా ప్రొఫెసర్‌ చార్లెస్‌ ఈస్ట్‌మన్‌ 1975లోనే ఇలాంటి పద్ధతిని వివరించారు. 2015లో పూర్తయిన 632 మీటర్ల షాంఘై టవర్‌ దీనికి పెద్ద పరీక్షే పెట్టింది. గాలి ఒత్తిడి తగ్గించేందుకు ఆ భవనాన్ని మెలితిప్పినట్టు కట్టారు. దాంతో 20 వేలకు పైగా ఉన్న అద్దాల పలకల్లో వేలాదిగా వేర్వేరు ఆకారాలు వచ్చాయి. వాటి కొలతలు తేల్చింది డిజిటల్‌ మోడలే. ఇక బ్రిటన్‌ అయితే 2016 ఏప్రిల్‌ నుంచి కేంద్ర ప్రభుత్వ నిర్మాణాలకు బిమ్‌ తప్పనిసరి చేసింది.

అలాగని సాఫ్ట్‌వేర్‌ కొన్నంత మాత్రాన భవనం పర్యావరణహితం అయిపోదు. ఆర్కిటెక్టు, ఇంజినీరు, కాంట్రాక్టరు ఎవరి డ్రాయింగు వాళ్లే దాచుకుంటే మోడల్‌ ఉత్త బొమ్మే. సైట్‌లో మేస్త్రి చేసిన మార్పు అందులోకి ఎక్కకపోయినా అంతే. నిజానికి మారాల్సింది కంప్యూటర్‌ కాదు, కలిసి పనిచేసే అలవాటు.

రెండంతస్తుల ఇంటికి ఇంత హంగామా అవసరం లేకపోవచ్చు. కానీ ముగ్గు పోయకముందే ఇంజినీరు, ప్లంబరు, ఎలక్ట్రీషియన్‌లను ఒకే ప్లాను ముందు కూర్చోబెట్టడానికి ఏ సాఫ్ట్‌వేరూ కొనక్కర్లేదు. ఆ ఒక్క పూట మాట్లాడుకుంటే చాలు, చాలా గోడలు పగలకుండా నిలుస్తాయి.