గీకే ముందు ఒక్కసారి డాప్లర్ చూడండి
తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖలకు బహిరంగ లేఖ



సిజేరియన్ అయి పన్నెండు రోజులు. బాలింత పుట్టింట్లో ఉంది. ఒక రాత్రి పక్కబట్టలు తడిసేంత రక్తం పోయి, తెల్లారేసరికి ఆగిపోతుంది. "పచ్చి ఒళ్లు కదా, పోతుందిలే" అని పెద్దవాళ్లు సర్దిచెబుతారు. మూడు రోజులకు మళ్లీ అదే, ఈసారి మరింత ఎక్కువగా.

కాన్పైన 24 గంటల తర్వాత మొదలయ్యే ఇలాంటి రక్తస్రావానికి ఎక్కువగా మాయ ముక్క మిగలడమో, ఇన్ఫెక్షనో కారణం. అందుకే డాక్టర్లకు ముందు తట్టేది గర్భసంచి లోపల గీకి శుభ్రం చేసే డి అండ్ సి. కానీ అరుదుగా లోపం రక్తనాళంలో ఉంటుంది. ఆపరేషన్‌లో గర్భసంచి ధమనికి గాయమైతే, బయటికొచ్చిన రక్తం దాని పక్కనే తిత్తి కడుతుంది. అదే సూడోఎన్యూరిజం. ధమనికి ఉండే గట్టి గోడ ఆ తిత్తికి ఉండదు. కొందరిలో ధమని, సిర నేరుగా కలిసిపోతాయి. అలాంటి చోట గీకితే రక్తం ధారకడుతుంది.

మామూలు స్కానింగ్‌లో ఆ తిత్తి నల్లటి నీటిబుడగలా కనిపిస్తుంది, అంతే. ప్రోబ్ అక్కడే ఉంచి కలర్ డాప్లర్ పెడితే, ఆ నలుపులో సగం ఎరుపు, సగం నీలం సుడి తిరుగుతాయి.

చికిత్స కూడా ఉంది. గజ్జలోని ధమని గుండా సన్నటి గొట్టం పంపి, దెబ్బతిన్న నాళాన్ని కాయిల్స్‌తోనో జెల్‌ఫోమ్‌తోనో మూసేస్తారు. దీని పేరు ఎంబొలైజేషన్. కాన్పు తర్వాతి రక్తస్రావానికి దీన్ని వాడిన సంగతి 1979లోనే వైద్య పత్రికలకెక్కింది. చాలామందికి గర్భసంచి తీసేయాల్సిన అవసరమే రాదు.

ఈ మాట మీకే చెప్పడానికి కారణం ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం సిజేరియన్లు దేశంలో 21.5 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7 శాతం. కోతలు ఇన్నైనప్పుడు అరుదైన గాయం కూడా ఎక్కడో ఒకచోట ఎదురవుతూనే ఉంటుంది.

పసిబిడ్డను చూడటానికి ఆశా కార్యకర్త 42వ రోజు దాకా ఇంటికి వస్తూనే ఉంటుంది. "రక్తం ఆగి మళ్లీ పోయిందా?" అని తల్లిని అడగడం ఆమె పనుల్లో చేర్చండి. సిజేరియన్ అయిన బాలింతకు రక్తం తిరగబెడితే, డి అండ్ సికి ముందు డాప్లర్ తప్పనిసరి చేయండి. ఎంబొలైజేషన్ చేయగల ఆస్పత్రుల పేర్లు, ఫోన్ నంబర్లు ప్రతి ఏరియా ఆస్పత్రి లేబర్ రూమ్ గోడ మీద, 108 సిబ్బంది చేతిలో ఉంచండి. అర్ధరాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరు ఎవరికి ఫోన్ చేయాలో వెతుక్కునే పరిస్థితి రానివ్వకండి.

ఇట్లు,
బాలింతల క్షేమం కోరే ఒక పాత్రికేయురాలు