పాఠము సులభము, సహాధ్యాయి దుర్లభుడు

2008వ సంవత్సరమున కెనడా దేశపు మానిటోబా విశ్వవిద్యాలయమున జార్జ్ సీమెన్స్, స్టీఫెన్ డౌన్స్ అను విద్యావేత్తలు ఒక పాఠ్యక్రమమును నడపిరి. రుసుము చెల్లించి చేరినవారు సుమారు 25 మందియే. కాని తలుపులు తెరచియుంచుటచే, రుసుము లేకయే అంతర్జాలము ద్వారా చేరినవారు 2,000 మందికి మించిరి. అందలి విశేషము ఆ సంఖ్య కాదు. గురువు చెప్పుట, శిష్యుడు వ్రాసికొనుట అను పురాతన పద్ధతిని విడిచి, ఎవరికి తోచినచోట వారు వ్రాయుచు, ఇతరుల వ్రాతలను చదివి ఖండించుచు, సవరించుచు, ఆ సంవాదమునే పాఠముగా గావించుకొనిరి. గురువుల మాట అందొక మాటయై నిలిచెను.

మూడేండ్లకు స్టాన్‌ఫర్డ్‌లో సెబాస్టియన్ థ్రన్, పీటర్ నార్విగ్ తమ కృత్రిమ మేధ తరగతిని లోకమునకెల్ల తెరచినప్పుడు సుమారు 1,60,000 మంది పేర్లు నమోదు చేసికొనిరి. తుదివరకు నిలిచినవారు 23,000 మంది వరకు ఉందురు. మరుసటి యేడే కోర్సెరా, ఎడెక్స్ అను అంతర్జాల పాఠవేదికలు వెలసినవి. వానిలో చర్చావేదికలు లేకపోలేదు గాని, ఉపన్యాసము మరల సింహాసన మధిష్ఠించెను. లోకము ఈ రెండవ మార్గమునే పట్టినది; ఏలయన ఉపన్యాసమును చిత్రించి పంచుట సులభము, సంవాదమును నడపుట కష్టము.

మనమును ఆ మార్గముననే నడచితిమి. ఐఐటీలును బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థయు కలిసి 2003లో ఆరంభించిన ఎన్‌పీటెల్ అంతర్జాల పాఠములు, 2017లో వచ్చిన స్వయం అను పాఠవేదిక, ఒక సెమిస్టరు కోర్సులలో 40 శాతము వరకు స్వయం ద్వారా చదువవచ్చునన్న 2021 నాటి యూజీసీ నిబంధన, ఇవన్నియు పాఠమును సులభము చేసినవి. నరసరావుపేటలోనో కరీంనగరులోనో చదువుకొను బాలిక మద్రాసు ఐఐటీ ఆచార్యుని పాఠమును తన ఫోనులో వినగలుగుట అల్పలాభము కాదు. అలమారకు తాళము వేసిన కళాశాలా గ్రంథాలయముల నెరిగినవా డెవ్వడును దానిని తేలికగా త్రోసివేయడు.

అయినను, మన ఇంజినీరింగు విద్యార్థులు కలిసి చదువుట యెచ్చట జరుగుచున్నదని విచారించినచో, రేపు పరీక్ష యనగా వాట్సాప్ గ్రూపులలో తిరుగాడు 'ఇంపార్టెంట్' ప్రశ్నలును, ఆల్-ఇన్-వన్ పుటల ఛాయాచిత్రములును కానవచ్చును. ఇందుకు విద్యార్థులను నిందించుట పెద్దలకు పరిపాటియైనది. నా అభిప్రాయము వేరు. ప్రశ్నపత్రము జ్ఞాపకశక్తిని మాత్రమే తూచినంతకాలము ఆ గ్రూపు పంచిపెట్టునది కంఠస్థము చేయదగిన సరకే యగును.

అదే విద్యార్థి పరీక్షతో పని లేక, తన కుతూహలముచే ప్రోగ్రామింగు నేర్చుకొనునప్పటి తీరు చూడుడు. తన కోడులో దోష మెచ్చటనో తెలియక స్టాక్ ఓవర్‌ఫ్లోలో ప్రశ్న వేయును. ప్రశ్న అస్పష్టముగా నున్నదని యెవరో కసురుదురు. దానిని మరల వ్రాయును. ముఖమెరుగని పరదేశీయు డొకడు దారి చూపును. అట్లు చూపిన దారి అటుపై వచ్చు వేలమందికి నిలిచియుండును. ప్రశ్నించు విద్య మన తరగతి గదులలో లభింపక, అచ్చట లభించినది. ఇప్పుడు దానికిని ముప్పు వచ్చినది. 2022 చివర చాట్‌జీపీటీ వెలువడిన పిదప ఆ స్థలమున క్రొత్త ప్రశ్నల సంఖ్య మిక్కిలి పడిపోయినది. యంత్రము కసరదు, విసుగుకొనదు, సత్వరము చెప్పును. కాని అది ఒకనికి చెప్పిన సమాధానము ప్రక్కవాని కంటబడదు, తప్పు చెప్పినచో దిద్దువాడును లేడు. నాకు తోచినంతవరకు ఉన్నతవిద్యకు రానున్న చిక్కు సమాచారపు కొరత కాదు, ఈ ఏకాంతము.

ఏకాంతమున చదువు సాగదని మనవారికి తెలియనిది కాదు. దేశమున మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయమును 1982లో హైదరాబాదున స్థాపించినప్పుడు పుస్తకములు తపాలాలో పంపి చేతులు దులుపుకొనలేదు; ఊరూర అధ్యయన కేంద్రములు పెట్టి, ఉద్యోగులును గృహిణులును ఒకచోట కూర్చుండి సందేహములు తీర్చుకొనుటకు సెలవుదినపు తరగతులు నడపిరి. నేడును చిక్కడపల్లి కేంద్ర గ్రంథాలయమునకు పోయి చూడుడు: గ్రూప్స్ పరీక్షల కవసరమైన సమస్తమును ఫోనులోనే యున్నను, పట్టభద్రులు ప్రొద్దుననే వచ్చి చోటు పట్టుకొందురు, టీ కొట్టు కడ నిలుచుండి రాజ్యాంగపు అధికరణముల మీద వాదులాడుదురు. ఆ వాదమునకు క్రెడిట్లు లేవు.

ఉండవలెనందును. విజయవాడ ఆంధ్ర లయోలా కళాశాల విద్యార్థులు తెలుగు వికీపీడియాలో వ్యాసములు వ్రాసిరి; అట్టి వ్రాత పదిమంది కంటబడును, పరుల చేత దిద్దబడును, పరీక్ష తరువాత చిత్తుకాగితము కాదు. ఇట్టి పనికి అంతర్గత మార్కులలో చోటిచ్చుట పాఠ్యప్రణాళికా సంఘములకు దుస్సాధ్యము కాదు. అందరును కలిసి చేసినదానిలో ఎవరి పాలెంత యని ఆక్షేపించువారికి, వికీపీడియాలో ప్రతి మార్పునకు పక్కనే దానిని చేసినవారి గుర్తు నిలిచియుండునని చెప్పవచ్చును. మన రికార్డు పుస్తకములలో అదియు తెలియదు.

ఇక అంతర్జాలమే అక్కరలేని మార్గమొకటి కలదు. హార్వర్డు భౌతికశాస్త్రాచార్యుడు ఎరిక్ మాజూర్ 1990ల తొలినాళ్లనుండి తన తరగతిలో ఉపన్యాసమును నడుమ నాపి ఒక ప్రశ్న నిచ్చి, ఎవరికివారు సమాధానము గుర్తించిన పిమ్మట, ప్రక్కవానిని ఒప్పింపుడని చెప్పి, మరల చేతు లెత్తించెడివాడు. ఒప్పించు యత్నమున తప్పు సమాధానములు తగ్గుచుండెను. పాఠమును ముందుగా ఇంటికడ చదివి రావలయునన్నది అందలి షరతు. మన విద్యార్థుల ఫోనులో ఆ పాఠ మిప్పటికే యున్నది. డెబ్బదిమంది కూర్చుండు తరగతిలో రేపటి మొదటి గంటనుండియే దీనిని మొదలిడవచ్చును. అందుకు ప్రభుత్వోత్తర్వు అక్కరలేదు.