రాడారు లెక్క రేవుకు చేరాలి

బందరులో రాడారు అనగానే అందరికీ గుర్తొచ్చేది తుపానును పసిగట్టే వాతావరణ శాఖ రాడారు. అది మబ్బును చూస్తుంది. నీటిని చూసే రాడారు కూడా మచిలీపట్నం తీరాన పెట్టారనీ, దాని జోడు యానాంలో ఉంచారనీ తెలిసినవారు తక్కువ. 2008-10 ప్రాంతంలో చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ దేశ తీరాల్లో నెలకొల్పిన 10 రాడార్లలో ఇవి రెండు. లెక్కలు చేరేది మాత్రం సముద్రం చుక్కయినా కనిపించని హైదరాబాదుకు, ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్‌కు.

ఒడ్డునున్న ఏరియల్ నుంచి వెళ్లే రేడియో తరంగం ఉప్పునీటిని అంటిపెట్టుకుని, కనుచూపు దాటి సుమారు 200 కిలోమీటర్ల దాకా పోతుంది. తనలో సగం నిడివి ఉన్న అలలకు తగిలి తిరిగొస్తుంది. ఎదురొచ్చే రైలు కూత హెచ్చుగా, దూరమయ్యే రైలు కూత తగ్గుగా వినిపించినట్లే, ఆ తిరుగు తరంగంలోని తేడాను బట్టి ప్రవాహ వేగం కడతారు. ఒక్క రాడారు నీరు తనవైపు వస్తోందా, పోతోందా అన్నదే చెప్పగలదు. రెండు చోట్ల నుంచి చూస్తేనే దిక్కు తేలుతుంది. అందుకే జోడు. ఒకటి మూలపడితే రెండోది ఒంటికన్నే. ఉప్పుగాలికి ఇనుము నిలవదు గనుక మరమ్మతుకు నిధులు ఏటా కేటాయించక తప్పదు.

ఎండాకాలం ముందు నీరు ఉత్తరానికి, దసరా దాటాక దక్షిణానికి లాగుతుందని మన మత్స్యకారులకు తాతల నాటి నుంచీ తెలుసు. కాని ఇంజను ఆగిన బోటు ఈ రాత్రి ఎటు కొట్టుకుపోతుందో కాలాన్ని బట్టి చెప్పలేం. గాలి మారితే లెక్కే మారుతుంది. గల్లంతైన వారిని ఎక్కడ వెదకాలో సూచించే సారట్ అనే సాధనాన్ని ఇన్‌కాయిస్ 2016లో తెచ్చింది. అటువంటి అంచనాలను సరిచూడటానికి కొలిచిన ప్రవాహం ఎంతో విలువైనది. అయితే బోటు చివరిసారి ఏ చోట, ఏ వేళ కనిపించిందో చెప్పేవారు లేకపోతే ఏ యంత్రమూ ఏమీ చేయలేదు.

కనుక మత్స్యశాఖ వారు గిలకలదిండి వంటి రేవుల్లో బోట్లు కదిలే ముందే ఆనాటి అల ఎత్తు, గాలి, నీటి లాగుడు తెలుగులో మైకులో చదివించాలి. బోర్డు మీద రాస్తే చాలదు, చదువు రానివారూ వేటకు వెళ్తున్నారు. ప్రతి బోటూ బయలుదేరిన వేళ, వెళ్లే దిక్కు రేవులో నమోదు చేయించాలి. ఇందుకు కావలసింది ఒక పుస్తకం, ఒక గుమాస్తా.