చట్టంలో ఉన్న వంట పాఠం బడిలో ఏదీ?

ఇంగ్లండ్‌లో చదివే పిల్లలకు 14 ఏళ్లు వచ్చేసరికి తమకు తాము వండుకుని, ఇంకొకరికి కూడా పెట్టగలిగేంత వంట వచ్చి ఉండాలి. ఇది ఏ అమ్మమ్మో అన్న మాట కాదు. 2014 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న జాతీయ పాఠ్యప్రణాళిక చెబుతున్న మాట. ఇయర్ 1 నుంచి ఇయర్ 9 దాకా ‘వంట, పోషణ’ తప్పనిసరి పాఠం. ఏది సమతులాహారమో తెలియాలి, అది ఎక్కడ పండుతుందో తెలియాలి, చేత్తో వండటం రావాలి. వండేవి కూడా తీపి వంటకాలు కాదు, ఎక్కువగా రోజూ తినే భోజనమే అయి ఉండాలని అందులో స్పష్టంగా ఉంది.

ఈ నిబంధన వచ్చి పదేళ్లు దాటింది. మీ ఇంట్లో ఇయర్ 9 దాటిన పిల్లలుంటే ఒక్కసారి అడిగి చూడండి: బడిలో నేర్చుకున్న పద్ధతిలో రాత్రి భోజనం వండగలరా? నాకు తెలిసిన తెలుగు కుటుంబాల్లో చాలామంది పిల్లల నుంచి వచ్చే జవాబు కప్‌కేక్, కుకీలు, మహా అయితే ఒక పిజ్జా. పాఠం కాగితం మీద ఉంది, పిల్లల చేతికి మాత్రం అందలేదు. కొత్త పాఠ్యప్రణాళిక తయారవుతున్న సమయంలో ఈ తేడా గురించి మనలాంటి తల్లిదండ్రులు మాట్లాడటం అవసరమని నా అభిప్రాయం.

పొయ్యి ఆరిపోయిన కథ

ఒకప్పుడు ఇక్కడి బడుల్లో గృహవిజ్ఞానం ఒక సబ్జెక్టు. అది ఎక్కువగా ఆడపిల్లల చదువుగానే సాగిందన్న విమర్శ సరైనదే. 1990 దశకంలో జాతీయ పాఠ్యప్రణాళిక వచ్చాక ఆహారాన్ని ‘డిజైన్ అండ్ టెక్నాలజీ’లో కలిపేశారు. దాంతో అబ్బాయిలూ అమ్మాయిలూ ఇద్దరూ చదవడం మొదలుపెట్టారు, కానీ చదువు స్వభావమే మారిపోయింది. కూర వండటానికి బదులు ప్యాకెట్ భోజనానికి డబ్బా ఎలా ఉండాలి, దాని మీద బొమ్మ ఎలా ఉండాలి అన్నది పాఠమైంది. వంట నేర్పాల్సిన చోట ఆహార పరిశ్రమకు ఉద్యోగులను తయారుచేసే చదువు వచ్చి చేరింది.

2005లో జేమీ ఆలివర్ చానెల్ 4లో చేసిన కార్యక్రమం బడి భోజనం ఎంత నాసిరకంగా ఉందో దేశమంతటికీ చూపించింది. టర్కీ ట్విజ్లర్స్ అన్న మాట అప్పుడే ఇంటింటికీ తెలిసింది. తర్వాత 2013లో హెన్రీ డింబుల్బీ, జాన్ విన్సెంట్ కలిసి ‘స్కూల్ ఫుడ్ ప్లాన్’ ఇచ్చారు. 2014లో వంట పాఠం తప్పనిసరి కావడం, రిసెప్షన్, ఇయర్ 1, ఇయర్ 2 పిల్లలందరికీ ఉచిత భోజనం మొదలవడం, 2015 జనవరి నుంచి బడి భోజనానికి కొత్త ప్రమాణాలు రావడం ఆ వరుసలో జరిగిన మార్పులే. వేపుళ్లు, బ్రెడ్ పొడి అద్దిన పదార్థాలు వారానికి రెండుసార్లకు మించకూడదని, కూరగాయలు రోజూ ఉండాలని ఆ ప్రమాణాలు చెబుతాయి.

2016లో జీసీఎస్‌ఈలో ఆహార తయారీ, పోషణ కొత్త సబ్జెక్టుగా వచ్చింది. అదే కాలంలో ఇంగ్లండ్‌లో ఏ-లెవెల్ స్థాయిలో ఆహార సబ్జెక్టును ఎత్తేశారు. అంటే 16 ఏళ్లు దాటాక ఇది ‘పెద్ద చదువు’ కాదని ప్రభుత్వమే చెప్పినట్టయింది. 2021లో డింబుల్బీ ఇచ్చిన జాతీయ ఆహార వ్యూహం ఆ ఏ-లెవెల్‌ను తిరిగి తేవాలని సిఫారసు చేసింది. అది ఇంకా సిఫారసుగానే ఉంది.

ఎక్కడ ఆగిపోతోంది?

నేను రెడింగ్‌లో ఉంటున్నాను. మా అబ్బాయి ఇయర్ 8. వాళ్ల బడిలో వంట, చెక్క పని, బట్టల పని వంతులవారీగా నడుస్తాయి. కొన్ని వారాలు ఒకటి, కొన్ని వారాలు ఇంకొకటి. వంట వంతు వచ్చినప్పుడు దినుసులు ఇంటి నుంచి పంపమని ఉత్తరం వస్తుంది. గంటకు కాస్త అటూఇటూ ఉండే పీరియడ్‌లో తరగగలిగింది, కాలగలిగింది, కడిగి సర్దగలిగింది మాత్రమే చేయాలి. అందుకే కుకీలు గెలుస్తాయి. పప్పు ఉడకడానికీ కూర మగ్గడానికీ అక్కడ సమయం లేదు.

ఇందులో ఉపాధ్యాయుల తప్పేమీ లేదు. ప్రాథమిక బడుల్లో చాలాచోట్ల పిల్లలు వండే వంటగదే ఉండదు. సెకండరీ బడుల్లో వంటగది ఉన్నా, ఆ గంటలు లెక్కలకూ ఇంగ్లిష్‌కూ కావాలి, ఎందుకంటే బడి ర్యాంకు వాటి మీద ఆధారపడుతుంది. పైగా సెకండరీ బడుల్లో నూటికి 80కి పైగా అకాడమీలే. జాతీయ పాఠ్యప్రణాళికను యథాతథంగా పాటించాల్సిన బాధ్యత ఇన్నాళ్లూ వాటికి లేదు. ఇంటి నుంచి దినుసులు తెమ్మనడం మనలో కొందరికి చిన్న విషయం కావచ్చు. ఒక్క జీతం మీద నెట్టుకొస్తున్న ఇంట్లో, వెన్న ధర, చీజ్ ధర చూసి ‘ఈసారి వద్దులే నాన్నా’ అనే తల్లిదండ్రులు మన సంఘంలోనూ ఉన్నారు.

2020 సెప్టెంబరు నుంచి ఆరోగ్య విద్య కూడా ప్రభుత్వ బడుల్లో తప్పనిసరి అయింది. మంచి ఆహారం, నిద్ర, వ్యాయామం అందులో ఉన్నాయి. కానీ సైన్సులో పోషకాలు ఒకచోట, ఆరోగ్య విద్యలో అలవాట్లు ఇంకోచోట, డిజైన్‌లో వంట మరోచోట, డైనింగ్ హాల్‌లో భోజనం ఇంకెక్కడో. ఈ నాలుగింటినీ ఒక్క తాటి మీదికి తెచ్చేవాళ్లు లేరు.

మన పిల్లలకు ఇది ఎందుకు ముఖ్యం?

ఇంగ్లండ్‌లో ఏటా రిసెప్షన్‌లోనూ ఇయర్ 6లోనూ పిల్లల ఎత్తు, బరువు కొలుస్తారు. రిసెప్షన్‌లో స్థూలకాయం ఉన్నవాళ్లు దాదాపు పది మందిలో ఒకరైతే, ఇయర్ 6కి వచ్చేసరికి ఐదుగురిలో ఒకరికి పైగా అవుతున్నారు. అంటే ప్రాథమిక బడిలో గడిచే ఆ ఆరేళ్లలోనే లెక్క రెట్టింపు దాటుతోంది.

ఈ కొలతల ఉత్తరం ఇంటికి వచ్చి అందులో ‘ఆరోగ్యకరమైన బరువు’ అని ఉంటే మనం ఊపిరి పీల్చుకుంటాం. అక్కడే ఒక మెలిక ఉంది. దక్షిణాసియా వాళ్లకు అదే బీఎంఐ దగ్గర శరీరంలో కొవ్వు ఎక్కువగా ఉంటుంది. అందుకే పెద్దవాళ్ల విషయంలో మనకు బీఎంఐ హద్దులను 25, 30కి బదులు 23, 27.5గా తీసుకోవాలని ఇక్కడి వైద్య ప్రమాణాల సంస్థ నైస్ 2013లోనే సూచించింది. పిల్లల కొలతల చార్టు మాత్రం అందరికీ ఒక్కటే. లండన్, బర్మింగ్‌హామ్, లెస్టర్ ప్రాథమిక బడుల్లో 9-10 ఏళ్ల పిల్లల మీద జరిగిన పెద్ద అధ్యయనంలో దక్షిణాసియా మూలాలున్న పిల్లల్లో ఆ వయసుకే ఇన్సులిన్ నిరోధకత ఎక్కువగా కనిపించింది. పెద్దయ్యాక టైప్ 2 మధుమేహం వచ్చే అవకాశం మనకు ఇక్కడి తెల్లవాళ్లకన్నా రెండు నుంచి నాలుగు రెట్లు. సన్నగా కనిపించే పిల్లవాడికి ‘వీడికేం, ఏం తిన్నా ఒళ్లు చేయడు’ అనడం మన ఇళ్లలో మామూలే. ఆ ధీమాకు ఆధారం లేదని ఈ లెక్కలు చెబుతున్నాయి.

బడి పళ్లెం, ఇంటి కంచం

ఇక్కడి పిల్లలకు తరగతిలో చూపించేది ‘ఈట్‌వెల్ గైడ్’. గుండ్రటి పళ్లెం బొమ్మలో ఒక పెద్ద భాగం పండ్లూ కూరగాయలూ, ఇంకో పెద్ద భాగం బంగాళాదుంప, బ్రెడ్, అన్నం, పాస్తా, మిగిలిన దాంట్లో పప్పుధాన్యాలు, చేపలు, గుడ్లు, మాంసం, పాల పదార్థాలు. మంచి బొమ్మే. కానీ మన పిల్లవాడు అందులో తన ఇంటి కంచాన్ని గుర్తుపట్టలేడు. టమాటా సాస్‌లో ఉడికిన బీన్స్ అక్కడ పప్పుధాన్యం, ఇంట్లో తినే ముద్దపప్పు ఏ గడిలోకి వస్తుందో ఎవరూ చెప్పరు. గోంగూర, తోటకూర, దొండకాయ పేర్లు అక్కడ వినపడవు. దాంతో వాడి మనసులో రెండు గదులు ఏర్పడతాయి. బడిలో చెప్పే ‘హెల్దీ ఫుడ్’ ఒకటి, ఇంట్లో అమ్మ పెట్టే అన్నం ఇంకొకటి.

దీనికి ఇంకో పార్శ్వం కూడా ఉంది. ‘మన ఇంటి తిండి ఎలాగూ మంచిదే’ అన్న నమ్మకం మనల్ని అసలు ప్రశ్న దాకా పోనివ్వదు. కంచంలో అన్నం కొండంత, కూర అంచున చెంచాడు, పక్కన ఆవకాయ, అప్పడం. ఉదయం ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం దోసె అయితే మూడు పూటలా తిన్నది ప్రధానంగా బియ్యమే. 7 నుంచి 10 ఏళ్ల పిల్లలకు రోజుకు ఉప్పు 5 గ్రాములు, విడిగా కలిపే చక్కెరలు 24 గ్రాములు మించకూడదని ఎన్‌హెచ్‌ఎస్ చెబుతోంది. పచ్చడి, మిక్స్చరు, నూడుల్స్, ఫ్రూట్ జ్యూస్ అన్నీ కలిస్తే ఆ హద్దు ఎప్పుడు దాటుతామో తెలియదు.

ఇంటి డబ్బాకు బడి భోజన ప్రమాణాలు వర్తించవు కూడా. ఇంటి నుంచి తెచ్చే లంచ్ బాక్సులను లీడ్స్ యూనివర్సిటీ పరిశోధకులు పరిశీలించి 2020లో ఇచ్చిన నివేదికలో, ఆ ప్రమాణాలన్నింటికీ సరితూగినవి నూటికి రెండు కూడా లేవు. అవి అన్ని రకాల కుటుంబాల డబ్బాలు. మన డబ్బాలు వాటికి మినహాయింపు అని అనుకోవడానికి కారణం కనిపించదు.

ఈ రెండు గదుల మధ్య గోడ తీయడానికి పనికొచ్చే సాధనం హైదరాబాద్‌లోనే ఉంది. జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో భారతీయుల కోసం కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. మొత్తం శక్తిలో బియ్యం, గోధుమ, చిరుధాన్యాల వాటా 45 శాతం మించకుండా చూసుకోవాలని అందులో ఉంది. పళ్లెంలో సగం కూరగాయలు, పండ్లు. ఈట్‌వెల్ చెప్పేదానికి ఇది దూరం కాదు. కాకపోతే మన దినుసులతో చెబుతుంది. ఈ రెండు బొమ్మలనూ ఫ్రిజ్ మీద పక్కపక్కన అంటిస్తే పిల్లలే పోలికలు చెబుతారు.

మాట్లాడాల్సిన సమయం

2025 నవంబరులో బెకీ ఫ్రాన్సిస్ నేతృత్వంలోని పాఠ్యప్రణాళిక సమీక్ష తుది నివేదిక వచ్చింది. కొత్త ప్రణాళికను 2027 వసంతానికల్లా ప్రచురించి, 2028 సెప్టెంబరు నుంచి బోధించాలన్నది ప్రభుత్వ లక్ష్యం. అకాడమీలు కూడా జాతీయ ప్రణాళికను పాటించేలా బిల్లు తెచ్చింది. యూనివర్సల్ క్రెడిట్ పొందే కుటుంబాల పిల్లలందరికీ 2026 సెప్టెంబరు నుంచి ఉచిత బడి భోజనం ప్రకటించింది. అంటే డైనింగ్ హాల్‌లో కూర్చునే పిల్లల సంఖ్య పెరుగుతుంది. వాళ్లకు ఆ పళ్లెం గురించి చెప్పే పాఠం కూడా పెరగాలి.

వంట పాఠానికి వారంలో ఇన్ని గంటలని కచ్చితంగా లేకపోతే 2014 కథే మళ్లీ జరుగుతుంది. దినుసుల ఖర్చు బడి బడ్జెట్‌లో ఉండాలి. వండే వంటకాల జాబితాలో ఆ తరగతిలోని పిల్లల ఇళ్ల వంటలు ఉండాలి. కందిపప్పు ఉడకడానికి సమయం పడుతుంది, నిజమే. పెసరపప్పు, ఎర్ర మసూర్ పప్పు ఒక పీరియడ్‌లో ఉడికిపోతాయి.

ఇవి అడగడానికి ఎంపీ దాకా వెళ్లనక్కర్లేదు. ప్రతి బడికీ గవర్నర్లు ఉంటారు, అందులో తల్లిదండ్రుల ప్రతినిధులూ ఉంటారు. మన వాళ్లు అసోసియేషన్ ఎన్నికల్లో చూపే ఉత్సాహంలో పావు వంతు అక్కడ చూపినా చాలు. మూడు ప్రశ్నలు అడగండి: మా పిల్లలకు ఏడాదికి ఎన్ని గంటలు చేత్తో వండే అవకాశం వస్తోంది? దినుసులు తేలేని పిల్లల సంగతేమిటి? వండేవాటిలో భోజనం ఎంత, తీపి ఎంత?

బడి వేడుకల్లో స్టాల్ పెట్టేటప్పుడు కూడా ఒక పాఠం ఉంది. ఇక్కడి చట్టం గుర్తించిన 14 అలర్జీ కారకాల్లో ఆవాలు, నువ్వులు, వేరుశనగ మూడూ ఉన్నాయి. అంటే మన పోపు, మన పొడులు, మన పులిహోర. చాలా బడుల్లో పల్లీలకు అనుమతే లేదు. ఆ జాబితాను పిల్లలతోనే రాయించి బల్ల మీద పెట్టించండి.

ఇంట్లో చేయగలిగింది ఇంకా సులువు. ఇండియన్ స్టోర్‌లో కొన్న ప్యాకెట్ మీద భారతీయ లేబుల్‌లో ఉప్పుకు బదులు సోడియం మిల్లీగ్రాముల్లో ఉంటుంది. దాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు వస్తుంది. 1,000 మిల్లీగ్రాముల సోడియం అంటే 2.5 గ్రాముల ఉప్పు. ఈ లెక్క పిల్లవాడి చేత చేయించండి. వారానికి ఒక పూట వంట వాళ్లకు అప్పగించండి, అమ్మాయికీ అబ్బాయికీ సమానంగా.

అయితే ఇంటి ప్రయత్నం బడి బాధ్యతకు ప్రత్యామ్నాయం కాదు. వండే తీరిక, వంట తెలిసిన పెద్దవాళ్లు, సరుకులు కొనే స్తోమత అన్ని ఇళ్లలో ఉండవు. అవి లేని పిల్లవాడికి బడి ఒక్కటే దిక్కు. ఆ పిల్లవాడి కోసమే ఈ పాఠాన్ని చట్టంలో రాశారు. టైమ్ టేబుల్‌లో కూడా రాయించుకునే అవకాశం వచ్చే రెండేళ్లలో ఉంది.