బాడుగబండి – అపాయభారము

హాలహర్వి సీమనుండి ఆదోనికి ప్రత్తిని చేరవేయు లారీని జూచి మనము బాడుగను లెక్కింతుము గాని, దానివెంట సాగు నపాయమును లెక్కింపము. నిప్పురవ్వ యొక్కటి చాలును, ఏడాది కష్టము బూడిద యగుటకు. 2009 అక్టోబరున తుంగభద్ర పొంగి కర్నూలును, మంత్రాలయమును ముంచినప్పుడు రాకపోకలే నిలిచిపోయినవి. అట్టి దినమున నష్టమెవ్వరిది? రైతుదా, వర్తకునిదా, చేరవేయువానిదా?

1865 నాటి చట్టమునకు బదులుగా 2007లో చేయబడిన రోడ్డురవాణా చట్టము 2011 మార్చి 1 నుండి అమలులోనున్నది. సరుకు చెడినయెడల రవాణాదారుని యజాగ్రత్తను సొంతదారు ఋజువు చేయనక్కరలేదు. దైవికము, యుద్ధము, అల్లరులు మున్నగువానికి మినహాయింపు గలదు. కాని తగిన జాగ్రత్తచే సరుకు దక్కియుండునేని ఆ మినహాయింపు చెల్లదు. మరియొక ప్రక్క, సొంతదారు హెచ్చు విలువను ముందుగా వెల్లడించి హెచ్చు బాడుగకు ఒడంబడనిచో, పరిహారము బాడుగకు పదిరెట్లు మించదు. సరుకు అప్పగించిన 180 దినములలోపల వ్రాతమూలకముగ నోటీసు నీయవలెను.

కావున మాటమీద సరుకెక్కించుట ఉభయులకును చేటు. విలువను కాగితముపై నెక్కింపుడు. బీమా చేయింపుడు. ఒక దారి తెగినచో మరియొక దారిని, ఒక బండి చెడినచో మరియొక బండిని ముందే యేర్పరచుకొనుడు. ఒక్క వర్తకుని బేరముపైననే బ్రతుకు నిలుపకుడు. బలవంతుడు తన భారమునంతయు ఒంటిలారీవాని నెత్తిని మోపుట వర్తకము గాదు, అన్యాయము. వాడు కూలిననాడు మన పంట పొలముననే నిలిచిపోవునని మరువకుందుముగాక!