గంధరాజము మొగ్గలు ఏల రాలును?



ఈ మాసమున ముగ్గురు సోదరీమణులు ఒకే ప్రశ్న అడిగినారు. “కుండీలోని గార్డీనియా మొక్క నిండుగా మొగ్గ వేయుచున్నది గాని, మొగ్గలు విచ్చుకొనకుండగనే రాలిపోవుచున్నవి. ఏమి దోషము?” అని. వారిలో ఒకరు దృష్టి తగిలినదని కుండీకి నిమ్మకాయ కూడ కట్టినారట. నిమ్మకాయ వలన హాని లేదు. కాని దోషము ఎవరి కండ్లలోను లేదు. కుండీలోని మట్టిలోను, మనము పోయు నీళ్ళలోను, ఇంటిలోని గాలిలోను ఉన్నది.

గార్డీనియాను మనవారు గంధరాజమందురు. కొందరు నందివర్ధనమని పొరబడుదురు. ఒక ఆకు తుంచి చూడుడు: నందివర్ధనమునకు పాలు కారును, గంధరాజమునకు కారవు. ఆంధ్రదేశపు అడవులలోని బిక్కి చెట్టు దీనికి దగ్గర చుట్టము. గంధరాజము పుట్టినిల్లు దక్షిణ చైనా మొదలగు తూర్పు దేశములు. 1761లో జాన్ ఎల్లిస్ అను ప్రకృతి శాస్త్రజ్ఞుడు, దక్షిణ కరోలినాలోని చార్లెస్టన్ నగరమున వైద్యుడుగా నుండిన అలెగ్జాండర్ గార్డెన్ గౌరవార్థము దీనికి గార్డీనియా అను పేరు పెట్టెను. అమెరికా దక్షిణ రాష్ట్రములలో దీనిని కేప్ జాస్మిన్ అనుటయు కలదు. ఆఫ్రికా కొన యందలి కేప్ ప్రాంతపు మల్లె యని తలచి పెట్టిన పేరది. నిజమునకు ఇది ఆఫ్రికా మొక్కయు కాదు, మల్లెయు కాదు. ఆ రాష్ట్రములలో పెక్కుచోట్ల నేల పులుపు గలది, వానలు మెండు; అందుచే ఇది ఇంటి ముంగిటనే గుబురుగా పెరుగును. మన స్త్రీలవలెనే ఈ పూవును తలలో తురుముకొని పాడిన నీగ్రో గాయని బిల్లీ హాలిడే (1915–1959) పేరు ఈ దేశమున ఎరుగని వారు అరుదు.

ఇక నా అనుభవము మనవి చేసెదను. మా తల్లిగారు ఫిజీ ద్వీపమున జన్మించినవారు. 1903 మొదలు మదరాసు రేవునుండి అక్కడి చెరకు తోటలకు పోయిన కుటుంబములలో మాదియు నొకటి. అక్కడ వారి వాకిట తెల్లని గార్డీనియా ఎవరి సేవయు లేకయే పూచెడిదట. కాలిఫోర్నియా చేరిన పిదప ఆమె ఒక గంధరాజపు కుండీ కొని, కన్నబిడ్డవలె చూచుకొనిరి. పవిత్రమైనదని హోమపు బూడిదను మొదట చల్లిరి. బలమునకని గుడ్డు పెంకులు వేసిరి. పండుగనాడు కుండీకి సున్నము పూసిరి. కొలది నెలలలో లేత ఆకులు పసుపు వన్నెకు తిరిగినవి. ఆహారము చాలలేదని ఆమె మరికొంత బూడిద చల్లిరి. రెండవ శీతకాలమున మొక్క చచ్చిపోయెను. “నా చేతి చలువ పోయినది” అని ఆమె ఎంతయో కుమిలినారు. ఆమె చేతిలో లోపము లేదు. బూడిద, సున్నము, పెంకులు మూడును మట్టిలోని పులుపును చంపునవే.

దీని మర్మమిది. పులుపును పి.హెచ్. అను కొలతతో చెప్పుదురు. 7 కంటె తక్కువైన పులుపు, ఎక్కువైన క్షారము. గంధరాజమునకు 5 నుండి 6 వరకు నుండవలెను. ఈ దేశమున అనేక నగరములలో గొట్టములు తినిపోకుండుటకు కుళాయి నీటిని కొంచెము క్షారముగా చేసి పంపుదురు. కొన్ని చోట్ల భూగర్భ జలములోనే సున్నము మెండు. ఆ నీరు ఏడాది పొడవున పోసినచో మట్టి పులుపు తగ్గిపోవును. అప్పుడు మట్టిలో ఇనుము ఉన్నను వేళ్ళు దానిని గ్రహింపజాలవు. కొట్టునిండ ధాన్యముండియు తాళము వేసిన యింటివారు పస్తున్నట్లే. ఈనెలు ఆకుపచ్చగా నుండి, నడుమ భాగము పసుపైన లేత ఆకులే దీని గుర్తు. అట్టి మొక్కకు మొగ్గ నిలుపుకొను సత్తువ తగ్గును.

కావున చేయవలసిన పనులివి.

మొదటిది నీరు. వాననీరు పట్టి యుంచి పోయుట శ్రేష్ఠము. నీటిని మెత్తపరచు ఉప్పు యంత్రమున్న యిండ్లలో ఆ నీరు పోయరాదు. పై అంగుళము మట్టి ఆరినపుడు అడుగు రంధ్రమునుండి కారునంతవరకు పోసి, పళ్ళెములో నిలిచిన నీటిని పారబోయవలెను. ఒకనాడు ఎండగట్టి, మరునాడు ముంచిన యెడల మొగ్గలు రాలును.

రెండవది మన్ను, ఎరువు. అజేలియా, కమేలియా మొక్కలకని అమ్ము పుల్లని మట్టియు, పుల్లని ఎరువును దీనికిని తగును. ఎరువు వసంతమునుండి వేసవి చివరివరకు, పొట్లముపై చెప్పిన మేరకే వేయవలెను. ఆకులు పసుపైనచో కీలేటెడ్ ఐరన్ అను ఇనుపమందు త్వరగా పనిచేయును. గంధకము నెమ్మదిగా పులుపు తెచ్చును. కరివేపాకునకు పోసినట్లు పుల్లమజ్జిగ పోయవద్దు. ఇంటిలోని కుండీకి బూజు పట్టును, చిన్న యీగలు ముసురును. సిమెంటు తొట్టి వద్దు, దానినుండియు సున్నము దిగును.

మూడవది వెలుగు, వేడి. ఉదయపు టెండ నాలుగైదు గంటలు తగులవలెను. పగలు 70 డిగ్రీల ఫారెన్‌హీటు, రాత్రి 60 డిగ్రీలకు కొంచెము పైన ఉన్నచో మొగ్గలు చక్కగా నిలుచును. రాత్రులు 50 డిగ్రీలకు దిగకమునుపే కుండీని లోనికి తేవలెను. వేడిగాలి వచ్చు గొట్టము ఎదుట ఉంచరాదు. ఆ పొడిగాలికి మొగ్గలు మాడి రాలును. అన్నిటికంటె ముఖ్యము: మొగ్గ వేసిన పిదప కుండీని చోటు మార్చరాదు, త్రిప్పరాదు.

నాల్గవది కత్తిరింపు. పూత ముగిసిన వెంటనే కత్తిరింపవలెను. శిశిరమున కత్తిరించినచో రాబోవు మొగ్గలనే కత్తిరించినట్లగును.

ఐదవది పురుగు. ఆకుల అడుగున తెల్లదోమ, పిండినల్లి చేరి, పైన నల్లని మసి పట్టును. మొక్కలకని అమ్ము సబ్బునీరు ఆకుల అడుగున తడియునట్లు, వారమున కొకసారి మూడు నాలుగు వారములు చల్లిన తగ్గును.

హోమపు బూడిద ఎక్కడ వేయుదుమని కొందరు అడుగవచ్చును. సున్నము కోరు మొక్కల మొదట కొలదిగా వేయుడు. గంధరాజమునకు మాత్రము వద్దు. భక్తి గొప్పదే గాని, మొక్కకు కావలసినది మొక్కకే ఇచ్చుట కూడ భక్తియే.

కొన్ని యేండ్లకు మా యింట రెండవ గంధరాజము వచ్చెను. వాననీరు, పుల్లని మన్ను తప్ప దానికి మరేమియు చేయలేదు. జూన్ మాసమున మొగ్గలు విచ్చు సమయమునకు మా తల్లిగారు లేచి నడువలేని స్థితిలో నుండిరి. కుండీని ఆమె గదిలోనికి తెమ్మని బంధువులు చెప్పినారు. మేము కుండీని కదల్చలేదు. ఆమె కుర్చీనే కిటికీ వద్దకు జరిపితిమి. మరునాటి యుదయమున మొదటి పూవు విచ్చినది. ఆమె చూచి, “ఇది మా వాకిటి వాసనే” అనిరి.

శుభమ్.