75 సెంట్ల లెక్క

పిల్లలూ! ఈ నెల ఒక పాఠకుడు ఇట్లా రాశాడు: "మా అన్నయ్య సైబర్ సెక్యూరిటీ, డిజిటల్ ఫోరెన్సిక్స్ చదువుతానంటున్నాడు. 'కంప్యూటరు దొంగల్ని పట్టటానికి కూడా ఒక చదువేమిట్రా?' అంటున్నారు నాన్నగారు. ఎవరి మాట నిజం?"

జవాబు చెప్పే ముందు మీకొక కథ చెబుతాను. ఇది నిజంగా జరిగినదే.

1986లో, అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో క్లిఫర్డ్ స్టోల్ అనే ఆయన పనిచేసేవాడు. ఆయన చదివినది ఖగోళశాస్త్రం. అయినా ఆయనకు కంప్యూటర్లు చూసే పని అప్పగించారు. అక్కడ కంప్యూటరును వాడుకున్నవారు, వాడుకున్న కాలానికి డబ్బు కట్టాలి. ఒకసారి ఆ లెక్కల్లో 75 సెంట్లు తేడా వచ్చింది. అంటే డాలరులో ముప్పాతిక వంతు! అది ఎందుకు వచ్చిందో కనుక్కోమన్నాడు పై అధికారి.

ఇంకొకరైతే తమ జేబులోంచి ఆ చిల్లర వేసి లెక్క సరిపెట్టేవారే. స్టోల్ అట్లా చేయలేదు. వెతగ్గా వెతగ్గా, ఎవరో బయటివాడు దొంగతనంగా ఆ కంప్యూటరులోకి వచ్చిపోతున్నట్టు తేలింది.

"వెంటనే తలుపు మూసేస్తే సరిపోదా?" అని మీరు అడగవచ్చు. మూసేస్తే దొంగ పోతాడు, వాడెవడో ఎన్నటికీ తెలియదు. అందుకని స్టోల్, బయటినుంచి వచ్చే టెలిఫోను తీగెలకు ప్రింటర్లు తగిలించాడు. దొంగ అక్కడ ఏ మీట నొక్కినా ఇక్కడ కాగితం మీద అచ్చుపడేది. ఈ సంగతి దొంగకు తెలియదు! జరిగినదంతా స్టోల్ తన పుస్తకంలో రాసుకుంటూ వచ్చాడు. ఆ దొంగ ప్రయోగశాల మీదుగా సైన్యంవారి కంప్యూటర్లలో దూరి రహస్యాలు వెతుకుతున్నాడు.

చివరకు స్టోల్ ఒక ఎర వేశాడు. ఉత్తుత్తి రహస్యపత్రాలు బోలెడన్ని తయారుచేసి పెట్టాడు. దొంగ వాటిని తీరిగ్గా చూస్తూండగా టెలిఫోనువారు జాడ తీశారు. ఆ జాడ పశ్చిమ జర్మనీలోని హానోవర్ నగరంలో, మార్కస్ హెస్ అనేవాడి ఇంటికి చేరింది! అతనూ, అతని తోటివారూ సోవియట్ గూఢచారి శాఖకు రహస్యాలు అమ్మిన నేరం 1990లో అక్కడి కోర్టులో రుజువయింది.

స్టోల్ ఈ విద్యను తనంతట తానే నేర్చుకోవలసి వచ్చింది. ఇవాళ దీనిని విశ్వవిద్యాలయాల్లో నేర్పుతున్నారు. గాంధీనగర్‌లో ఉన్న జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ విశ్వవిద్యాలయం అట్లాంటిదే. దానికి 2020లో పార్లమెంటు చట్టం చేసింది.

ఈ చదువుకు రెండు కొమ్మలున్నాయి. దొంగ రాకుండా తలుపులు భద్రం చేయటం సైబర్ సెక్యూరిటీ. వచ్చిపోయిన దొంగ అడుగుజాడలను చెరిగిపోకుండా తీసి కోర్టుకు చూపటం డిజిటల్ ఫోరెన్సిక్స్.

ఈ రెండవదానిలో మొదటి పాఠం ఏమిటో తెలుసా? అసలు వస్తువును కెలకగూడదు! కంప్యూటరును ఊరికే తెరిచి చూసినా లోపల కొన్ని తేదీలు మారిపోతాయి. అందుకని, కొత్త రాత పడకుండా అడ్డుకునే పరికరం ఒకటి మధ్యన తగిలించి, డిస్కుకు పొల్లుపోకుండా నకలు తీస్తారు. పరీక్షలన్నీ నకలు మీదనే చేస్తారు.

మరి నకలు సరి అయినదని ఎట్లా తెలుస్తుంది? దానికి "హాష్" అనే లెక్క ఉన్నది. ఎంత పెద్ద గ్రంథాన్ని ఆ లెక్కలో వేసినా ఒక పొట్టి గుర్తు వస్తుంది. షా-256 అనే పద్ధతిలో అయితే ఆ గుర్తు అంకెలూ అక్షరాలూ కలిసి 64 ఉంటుంది. భాగవతం మొత్తంలో ఒక్క చుక్క మార్చినా ఆ గుర్తు పూర్తిగా మారిపోతుంది. అసలుకూ నకలుకూ ఒకే గుర్తు వస్తే, మధ్యలో ఎవరూ చెయ్యి పెట్టలేదన్నమాట. మన దేశంలో 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం ప్రకారం, ఇట్లాంటి సాక్ష్యంతో ఇచ్చే ధ్రువపత్రంలో ఈ గుర్తును కూడా రాయాలి.

ఇంత పట్టింపు ఎందుకు? ఒకరి ఫోనులో బెదిరింపు ఉత్తరం దొరికిందనుకోండి. దానిని అతడే రాశాడా, ఇంకెవరైనా తెచ్చి పెట్టారా? పరీక్ష చేసేవాడు తొందరపడి ఫోనును కెలికితే ఆ సంగతి ఇక తేలకపోవచ్చు. దోషి తప్పించుకుంటాడు. అంతకన్నా ఘోరం, ఏ పాపమూ ఎరగనివాడు జైలుకు పోవచ్చు!

గనక ఈ చదువుకు లెక్కలూ, ప్రోగ్రాములు రాయటమూ, నెట్‌వర్కులూ, చట్టమూ తెలియాలి. జడ్జిగారికి అర్థమయేటట్టు చెప్పే మాట కూడా కావాలి. అన్నిటినీ మించి, తాళాలు తెరిచే విద్య నేర్చినవాడు అనుమతి లేకుండా ఎవరి తాళమూ తెరవరాదు. సరదాకు స్నేహితుడి పాస్‌వర్డుతో లోపలికి పోవటం కూడా తప్పే.

అబ్బాయీ, మీ అన్నయ్య కోరినది నిజమైన చదువేనని నాన్నగారితో చెప్పు. అయితే కాలేజీలో చేర్చే ముందు, అక్కడ విద్యార్థులచేత పరీక్షలు స్వయంగా చేయిస్తారా, చట్టం కూడా చెబుతారా అని కనుక్కోమను.

అన్నయ్యకు కూడా ఒక పరీక్ష పెట్టు. ఈ నెల ఇంటి ఖర్చుల లెక్క రాయమను. చివరకు ఒక్క రూపాయి తేడా వస్తే, అది ఎక్కడ పోయిందో కనుక్కోకుండా లేచిపోతాడేమో చూడు!